రాహుకేతువులు: గ్రహణగణిత చరిత్ర



గ్రహణము వచ్చుచున్నదని తెలియగానే మన యిండ్లలో నేటికిని రెండు పనులు జరుగును. పెద్దలు పంచాంగము దీసి స్పర్శకాలమును మోక్షకాలమును జూచుకొందురు. స్త్రీలు ఊరగాయ జాడీలమీదను నీళ్లబిందెలమీదను దర్భపోచ లుంచి, గ్రహణము విడిచి స్నానములైన పిమ్మట గాని పొయ్యి వెలిగింపరు. ఇదేమని పిల్లవా డడిగినచో రాహువు చంద్రుని మ్రింగుచున్నాడని చెప్పుదురు. మ్రింగువాడు రాక్షసుడే యైనచో వాడు వచ్చు గడియ ఏడాది ముందుగా పంచాంగకర్త కెట్లు తెలిసెనని ఆ పిల్లవాడే మరల నడిగిన యెడల ఉత్తరము చెప్పగలవారు మనలో మిక్కిలి తక్కువ. ఆ ప్రశ్నకు మన సిద్ధాంతులు పదునైదు వందల యేండ్లకు పూర్వమే యుత్తరము చెప్పిరి. ఆ యుత్తర మేమి, అది యెట్లు పుట్టినది, ఎవరు దానిని గాపాడిరి, ఎక్కడ దానికి లోపము గలిగినది, అను విషయములను మీ ముందుంచుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

పాతములన నేమి?

చరిత్ర చెప్పుటకు ముందు విషయమును స్పష్టపఱచుకొనుట మేలు. భూమిమీదనుండి చూచువారికి సూర్యుడు సంవత్సరమున కొకమారు నక్షత్రమండలమును జుట్టివచ్చుచున్నట్లు కనబడును. ఆ మార్గమునకు క్రాంతివృత్తమని పేరు. చంద్రుడు ఇరువదియేడు దినములకు బైచిల్లర కాలములో ఆ మండలమునే చుట్టివచ్చును. ఈ రెండు మార్గములు నొకే తలమున నున్నచో ప్రతి యమావాస్యకు సూర్యగ్రహణమును, ప్రతి పూర్ణిమకు జంద్రగ్రహణమును తప్పక కలుగవలసి యుండును. అట్లు జరుగుట లేదు. ఏలయన చంద్రుని మార్గము సూర్యుని మార్గమునకు గొంచెము వాలియున్నది. ఆ వాలును మన సిద్ధాంతులు 4 అంశల 30 కళలనిరి. నేటివారి కొలతచే నది ఇంచుమించు 5 అంశల 9 కళలు.

రెండు వెదురు వలయములను ఒకదానిలో నొకటి యేటవాలుగా జొనిపి చూచినచో అవి రెండుచోట్ల మాత్రమే యొకదాని నొకటి తాకును. నేను బడిలో పిల్లలకు జెప్పునపు డీ వలయములనే చూపెడివాడను. చంద్రుడు సూర్యమార్గమును దక్షిణమునుండి యుత్తరమునకు దాటు చోటు రాహువు. ఉత్తరమునుండి దక్షిణమునకు దాటు చోటు కేతువు. సిద్ధాంతగ్రంథములలో వీనికి పాతములని పేరు. ఈ రెంటికిని నడుమ 180 అంశలు, అనగా ఆరు రాశుల దూరము. కావుననే రాహువు మేషమున నున్నపుడు కేతువు తులయందే యుండును. ఇవి బింబములు గావు. కంటికి గనబడునవి గావు. బరువుగాని వెలుగుగాని గలవి గావు. రెండు త్రోవలు కలిసికొను కూడళ్లు మాత్రమే.

అమావాస్యనాడు సూర్యచంద్రులు కలిసికొనుచోటు పాతమునకు సుమారు 18 అంశలలోపల నున్ననే సూర్యగ్రహణ మవకాశము గలది. భూచ్ఛాయచే గలుగు చంద్రగ్రహణమున కా మేర సుమారు 12 అంశలు. అంతకుమించిన దూరమున చంద్రుడు సూర్యబింబమునకుగాని భూచ్ఛాయకుగాని పైగనో క్రిందుగనో తప్పించుకొని పోవును.

ఈ కూడళ్లు నిలుకడగా నుండక సూర్యచంద్రుల కెదురుగా వెనుకకు జరుగుచుండును. అందుచేతనే రాహుకేతువులను నిత్యవక్రగతులందురు. ఒక్కొక్క రాశిలో సుమారు పదునెనిమిదిన్నర నెలలుండి, 18 సంవత్సరముల 7 నెలలలో ద్వాదశరాశులను దిరిగివచ్చును. సూర్యుడొక పాతమును విడిచి మరల దానినే చేరుటకు సుమారు 346 దినముల 15 గంటలు పట్టును. గ్రహణములు వచ్చు కాలము ఏటేట ఇంచుమించు 19 దినములు ముందునకు జరుగుచుండుట కిదియే కారణము. ప్రతిదినము మనము పాటించు రాహుకాలమునకు మాత్రము ఈ పాతములతో సంబంధము లేదు. అది వారమును బట్టి పగటి నెనిమిది భాగములు చేసి యం దొకదానికి బెట్టిన పేరు.

ఒక్క యుదాహరణము చాలును. 2025 సెప్టెంబరు 7వ తేది రాత్రి మన దేశమున సంపూర్ణ చంద్రగ్రహణము కనబడెను. నాటి పంచాంగమును దీసి చూచినచో చంద్రుడు కుంభమున రాహువు చెంతను, సూర్యుడు సింహమున గేతువు చెంతను ఉండుట తెలియును. పదునాలుగు దినములకు, అనగా సెప్టెంబరు 21వ తేది యమావాస్యకు, సూర్యచంద్రులు కేతువునకు సమీపముననే కలిసికొనిరి. అప్పుడు పాక్షిక సూర్యగ్రహణము గలిగి న్యూజీలాండు దేశమువారికి గనబడెను, మనకు గనబడలేదు. పంచాంగమున రాహుకేతువుల స్థానములను వ్రాయుటలోని మొదటి ప్రయోజన మిది.

వేదమునుండి సిద్ధాంతమునకు

ఋగ్వేదము అయిదవ మండలమున అత్రిమహర్షికి సంబంధించిన సూక్తమొకటి కలదు. స్వర్భాను డను నసురుడు సూర్యుని జీకటితో గప్పుటయు, అత్రి యా వెలుగును మరల దెచ్చుటయు నందు జెప్పబడినవి. అందు మ్రింగుట లేదు, తల దెగుట లేదు. రాహుశబ్దము అథర్వవేదమున గనబడును. అమృతమును దొంగిలించి త్రాగిన రాహువు శిరస్సును శ్రీమహావిష్ణువు చక్రముచే ఖండించిన కథ భారత పురాణములలో బ్రసిద్ధము. కేతుశబ్దమునకు బూర్వ మీ యర్థము లేదు. వరాహమిహిరుని బృహత్సంహితలో గేతుచారమను నధ్యాయము తోకచుక్కలను గూర్చినది. రెండవ పాతమునకు గేతువని పేరు పెట్టుట తరువాత రూఢియైనది.

వేదాంగజ్యోతిషము సూర్యచంద్రులగతులను, తిథినక్షత్రములను యజ్ఞకాలనిర్ణయమునకై గణించినది. గ్రహణగణితము నందు లేదు. దానిని మనకు సంపూర్ణశాస్త్రముగ జూపినవారు సిద్ధాంతకర్తలు.

క్రీ. శ. 499లో ఇరువదిమూడేండ్ల ప్రాయమువాడగు ఆర్యభటుడు తన గ్రంథమున సూర్యుని జంద్రుడు గప్పుననియు, చంద్రుని భూమియొక్క ఛాయ గప్పుననియు సూటిగా జెప్పెను. అంతమాత్రమే చెప్పి యూరకుండిన నది యొక యభిప్రాయముగా మిగిలియుండెడిది. ఆయన పాతముయొక్క గతినిగూడ లెక్కించెను. 43,20,000 సంవత్సరముల మహాయుగమున బాతము విలోమముగా 2,32,226 మారులు దిరుగునని యాయన గణన. ఇంతటి సంఖ్యను ఆయన తన యక్షరసంజ్ఞలలో "బుఫినచ" యని నాలుగక్షరములలో నిమిడ్చెను. బు యనగా 2,30,000. ఫి యనగా 2,200. న యనగా 20. చ యనగా 6. కాగితములేని కాలమున శాస్త్రము కంఠస్థమై నిలిచిన విధ మిట్టిది.

ఈ సంఖ్యను బరీక్షింపుడు. ఆర్యభటుని మతమున మహాయుగమునకు సావనదినములు 157,79,17,500. దానిని 2,32,226చే భాగించిన బాతముయొక్క యొక భ్రమణమునకు 6,794 దినముల 18 గంటలు వచ్చును. నేటి వేధశాలల కొలతచే నక్షత్రములనుబట్టి యా కాలము సుమారు 6,793 దినముల 11 గంటలు. పదునెనిమిదిన్నర సంవత్సరములకు బైబడిన కాలమున దేడా దినమున్నర లోపలనే. సూర్యసిద్ధాంతమున బాతభ్రమణములు 2,32,238. ఆ లెక్కచే 6,794 దినముల 10 గంటలు వచ్చును. ఇంకను దగ్గఱ. దూరదర్శినులు లేవు, గడియారములు లేవు. తరతరములవారు గ్రహణములను జూచి, గుర్తుపెట్టుకొని, లెక్కను సరిదిద్దినగాని యిట్టి ఫలము రాదు.

ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలోని రాహుచారాధ్యాయమున యుక్తులు చూపెను. చంద్రగ్రహణము చంద్రబింబముయొక్క తూర్పువైపున మొదలగును. సూర్యగ్రహణము సూర్యబింబముయొక్క పడమటివైపున మొదలగును. మ్రింగువా డొక్కడే యైనచో నిట్లు దిక్కు మాఱనేల? చంద్రుడు తూర్పుగా నడచుచు భూచ్ఛాయను బ్రవేశించుటచే నతని తూర్పుటంచు ముందుగా మాసిపోవును. ఆ చంద్రుడే పడమటినుండి వచ్చి సూర్యుని గప్పుటచే సూర్యుని పడమటియంచు ముందుగా మఱుగుపడును. మఱియు రాహువునకు నియతమైన గతి లేనిచో గణితముచే నెట్లు దొరకును? ఈ ప్రశ్నలు వేసినవాడు నాస్తికుడు గాడు. రాహువునకు బ్రహ్మ వరమిచ్చెననియు, గ్రహణకాలమున జేయు దానహోమములలో నతనికి భాగము కలదనియు నాయనయే చెప్పి శ్రుతిస్మృతులతో సమన్వయము చేసెను. ఎనిమిదవ శతాబ్దివాడగు లల్లుడు తన శిష్యధీవృద్ధిదమున మిథ్యాజ్ఞానములను ఖండించు నధ్యాయమున రాహుగ్రాసమునుగూడ జేర్చెను.

బ్రహ్మగుప్తుని వాదము

చరిత్రలో విచిత్రమైన ఘట్ట మిచట వచ్చును. క్రీ. శ. 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు గణితమున మహామేధావి. శూన్యమునకు గణితనియమములు చెప్పినవాడు. అట్టివాడు, గ్రహణమునకు రాహువు కారణము గాదన్న యార్యభట వరాహమిహిరులను వేదస్మృతివిరుద్ధముగా జెప్పిరని నిందించెను. కాని గ్రహణమును గణింపవలసిన యధ్యాయమునకు వచ్చినపుడు భూచ్ఛాయయొక్క వ్యాసమును, చంద్రబింబముయొక్క వ్యాసమును, చంద్రుని శరమును దీసికొని గణించెను. అందు రాక్షసునకు జోటు లేదు.

సుమారు 1030లో మన శాస్త్రములను గూర్చి గ్రంథము వ్రాసిన అల్బెరూనీ ఈ వైరుధ్యమును గనిపెట్టి యాశ్చర్యపడెను. ఇంతటి పండితుడు మనస్సాక్షికి విరుద్ధముగా బలుకుటకు యవనదేశపు సోక్రటీసునకు బట్టిన గతివంటి దేదో తనకును బట్టునను భయమే కారణమై యుండునని యూహించెను. ఆ యూహ నిజమో కాదో యటుండనిండు. ఈ ఘట్టమునుండి మనము గ్రహింపదగిన దొకటి కలదు. నోట రాహువును నిలిపినవాడుగూడ చేతిలెక్కలో ఛాయనే నిలుపవలసివచ్చెను. ఏలయన లెక్కకు సాక్షి యాకాశము. చెప్పిన గడియకు గ్రహణము పట్టనిచో ఏ ప్రమాణమును సిద్ధాంతిని రక్షింపజాలదు.

1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు ఈ కలహమును శాంతిపఱచెను. బ్రహ్మవరముచే రాహువు భూచ్ఛాయను జొచ్చి చంద్రుని గప్పునని చెప్పినచో శ్రుతికి భంగము లేదు, గోళమునకును భంగము లేదు. మన దేశమున గథయు గణితమును ఒకే యింట గాపురము చేయగలిగినది ఇట్టి సమన్వయముచేతనే.

దేశాంతరములలో రాహుకేతువులు

ఈ విద్య మన యొక్కరి సొత్తని చెప్పుట సత్యము గాదు. 223 చాంద్రమాసములకు గ్రహణములు మరల వచ్చునని బాబిలోనియా దేశపు పండితులు క్రీస్తునకు బూర్వమే యెఱుగుదురు. యవనులలో టాలెమీ చంద్రగ్రహణములనుబట్టి చంద్రగతిని శోధించెను. ఆ యవనగణితముయొక్క ఛాయలు మన సిద్ధాంతములలో గలవు. మనవారును దీసికొన్నదానికి మించి యిచ్చిరి. చీనాదేశమున దాంగు చక్రవర్తుల యాస్థానమున నుండిన భారతవంశజుడు గౌతమసిద్ధుడు 718లో నవగ్రహగణితమును చీనాభాషలోనికి దెచ్చెను. రాహుకేతు నామములు చీనాజ్యోతిషమున కెక్కినవి. అరబ్బులును ఐరోపావారును ఈ పాతములను మహాసర్పముయొక్క తలగను దోకగను భావించిరి. చంద్రుడు పాతమునుండి మరల నా పాతమునకు వచ్చు 27 దినముల 5 గంటల కాలమునకు వారు నేటికిని సర్పసంబంధమైన పేరే వాడుచున్నారు. కావున బురాణకథ మన యొక్కరికే యున్నదని సిగ్గుపడ నక్కఱలేదు. గణితము మన యొక్కరికే యున్నదని గర్వపడ నక్కఱయు లేదు.

పాతము లేల వెనుకకు జరుగును? సూర్యసిద్ధాంతము పాతాదులను గంటికి గనబడని కాలమూర్తులనియు, అవి వాయుపాశములచే గ్రహములను లాగుననియు జెప్పెను. చంద్రుని మార్గమును సూర్యుడు తన యాకర్షణచే నిరంతరము లాగుచుండుటయే కారణమని న్యూటను పండితుడు 1687లో బ్రకటించిన గ్రంథమున నిరూపించెను. లాగునది కలదని మనవారు గ్రహించిరి. లాగు నియమము నాయన కనిపెట్టెను.

ఆంధ్రదేశమున

మన దేశపు రాజులు గ్రహణకాలమును బుణ్యకాలముగా నెంచి భూదానములు చేసిరి. తామ్రశాసనములలో సూర్యగ్రహణనిమిత్తమనియు, చంద్రగ్రహణనిమిత్తమనియు వ్రాయుట పరిపాటి. ఈ యాచారము చరిత్రకారులకు మహోపకారమైనది. తూర్పు చాళుక్యరాజ్యస్థాపకుడగు కుబ్జవిష్ణువర్ధనుని చీపురుపల్లి తామ్రశాసనము ఆయన పదునెనిమిదవ రాజ్యవర్షమున శ్రావణపూర్ణిమనాటి చంద్రగ్రహణమున నిచ్చిన దానమును దెలుపును. ఆ గ్రహణము 632 జులై 7వ తేదిదని ఫ్లీటు పండితుడు గణించి దానినిబట్టి యా వంశముయొక్క కాలక్రమమును గూర్చెను. తరువాతివా రా కాలక్రమమును గూర్చి భిన్నాభిప్రాయులైరి గాని, వాదించువా రందఱును గ్రహణగణితమునే యాశ్రయించిరి. రాజు పేరును, పల్లె పేరును కాలము మాపివేసినను గ్రహణము మాత్రము తేది తప్పదు.

శాస్త్రమును దెలుగున జెప్పవలెనను కోరికయు మనవారికి బూర్వమే కలిగెను. పండ్రెండవ శతాబ్దివాడగు మల్లికార్జునసూరి సూర్యసిద్ధాంతమునకు దెలుగున వ్యాఖ్య వ్రాసెను. లల్లుని గ్రంథమునకు సంస్కృతమున వ్యాఖ్య రచించెను. 1599లో దమ్మయయజ్వ సూర్యసిద్ధాంతమునకు గామదోగ్ధ్రియను వ్యాఖ్యను వ్రాసెను. సంస్కృతమే చాలునని యూరకుండక, తెలుగుబిడ్డకు దెలుగున జెప్పిన మల్లికార్జునసూరిని మన మెంతగా స్మరింపవలయును!

పొరుగున గేరళదేశీయుడు పరమేశ్వరుడు 1393 మొదలు నలువది సంవత్సరములు గ్రహణములను గంటితో జూచి, పాతగణితముచే వచ్చు కాలమునకు జూచిన కాలమునకు గల భేదమును గుర్తించి, 1431లో దృగ్గణితమను గ్రంథమును రచించెను. దృక్కు అనగా జూపు. చూపునకు సరిపడు గణితమే దృగ్గణితము. మన సంప్రదాయముయొక్క ప్రాణ మిచట నున్నదని నా నమ్మకము.

గవ్వలలెక్క

ప్రాణము తప్పినచో నేమగునో చూపు రెండు నిదర్శనములు గలవు. రెండును పుదుచ్చేరి ప్రాంతపువి.

ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు లజాంతీ శుక్రుడు సూర్యబింబమును దాటుటను జూడవలెనని మన దేశమునకు వచ్చి పుదుచ్చేరిలో నివసించెను. 1765 ఆగష్టు 30వ తేది చంద్రగ్రహణమును అచ్చటి తమిళ గణకు డొకడు గణించి చూపగా, గ్రహణముయొక్క పరిమాణకాలము నిజమునకంటె 41 సెకండ్లు మాత్రమే తక్కువ వచ్చెను. ఐరోపాలో నాటికి శ్రేష్ఠమనిపించుకొన్న మేయరు పండితుని పట్టికలచే 68 సెకండ్లు హెచ్చుగా వచ్చెను. ఈ కథను మనవారు సభలలో దఱచుగా జెప్పుకొందురు.

రెండవ కథను జెప్పుకొనరు. వారను అనునాయన 1825లో బ్రకటించిన కాలసంకలితమను గ్రంథమున దాను జూచిన తమిళ పంచాంగకర్తను వర్ణించెను. అతడు నేలమీద గవ్వలు పేర్చి, కంఠస్థమైన వాక్యములలోని యక్షరములనుబట్టి, ఒక్క సంఖ్యనైనను వ్రాయకయే యా సంవత్సరపు చంద్రగ్రహణమును గణించెను. ఎంత ధారణ! ఎంత శ్రద్ధ! స్పర్శకాలమున దేడా 4 నిమిషములు మాత్రమే. కాని మధ్యకాలమున 23 నిమిషములు, మోక్షకాలమున 52 నిమిషములు దప్పెను. తాను చేయు లెక్కకు గారణమేమో యతనికి దెలియదు. గవ్వను ఎక్కడ పెట్టవలెనో తెలియును. ఏల పెట్టవలెనో తెలియదు.

ఇందు అతని దోషము లేదు. అతడు తనకు జేరినదానిని ఒక్క యక్షరము పోనీయక కాపాడెను. అతనికి బూర్వము శతాబ్దములుగా గణితమును జూపుతో సరిచూచు పరమేశ్వరు లరుదైరి. పాతముయొక్క గతిలో దినమున కొక వికళలో లేశము తప్పినను, నూఱేండ్లలో నది పెరిగి, వేయేండ్లలో గడియలగును. విద్యను గాపాడుట యనగా దానిని జెప్పినట్లు వల్లించుట మాత్రమే గాదు. చెప్పినవారు చేసినపని మరల జేయుట.

1868 నాటి గ్రహణము

ఇట్టి పని మరల మొదలైన దినములలో 1868 ఆగష్టు 18 యొకటి. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన తెలుగునేలను అడ్డముగా దాటిపోయెను. గుంటూరున ఫ్రెంచివాడగు జాన్సెనును, ఆంగ్లేయుడగు టెన్నెంటును. మచిలీపట్టణమున మదరాసు వేధశాలాధ్యక్షుడగు పాగ్సనును యంత్రములు నిలిపి చూచిరి. నైజాము రాజ్యములోని వనపర్తికి వచ్చిన బృందమునకు నాయకుడు మదరాసు వేధశాలలో బనిచేయు చింతామణి రఘునాథాచారి. సూర్యుని యంచున లేచు జ్వాలలు వాయుమయములని యీ గ్రహణమున దేలెను. నాటి జ్వాలలలో గనబడిన పసుపుగీత సోడియముది గాదనియు, భూమిమీద నెవ్వరెఱుగని ధాతువుదనియు లాకియరు పండితుడు తరువాత నిర్ణయించెను. అదియే హీలియము. భూమిమీద దానిని 1895లో రామ్సే కనిపెట్టెను.

రఘునాథాచారి పంచాంగకర్తల వంశమువాడు. 1867లో గాంతి మాఱుచుండు నక్షత్రమొకదానిని గనిపెట్టినవాడు. 1874లో శుక్రుడు సూర్యుని దాటునపుడు సామాన్యులకు దెలియునట్లు దేశభాషలలో జిన్నపుస్తకములు వెలువరించెను. వేధశాలలో జూచిన గ్రహగతులకు సరిపడునట్లు దృగ్గణితపంచాంగమును ప్రకటించి, పాతవాక్యములను విడువని పండితులతో వాదించెను. ఇదే కాలమున నుత్కళదేశమున ఖండపడాకు జెందిన సామంత చంద్రశేఖరుడు వెదురుకఱ్ఱలతో జేసికొన్న సాధనములతో నాకాశమును జూచి, సిద్ధాంతదర్పణమును దాటియాకులమీద వ్రాసెను. అది 1899లో నచ్చుపడెను. ఒకడు గొప్ప వేధశాలలో, ఒకడు కొండపల్లెలో, చేసినపని యొక్కటే. స్వతంత్రభారతమున మేఘనాథసాహా యధ్యక్షతను 1952లో నేర్పడిన పంచాంగసంస్కరణసంఘ మా పనినే దేశమునకంతకు జేసినది.

సూర్యుడు, చంద్రుడు, పాతము, ఈ మూడును 18 సంవత్సరముల 11 దినముల 8 గంటలకు ఇంచుమించుగ బూర్వస్థితికి వచ్చును. కావున 1868 నాటి గ్రహణమునకు దోబుట్టువు 1886లో వచ్చెను. కాని యా 8 గంటలలో భూమి మూడవవంతు తిరిగిపోవుటచే నీడ మఱియొక సముద్రముమీద బడును. 1980 ఫిబ్రవరి 16వ తేది సంపూర్ణ సూర్యగ్రహణమును హైదరాబాదునకు జేరువనున్న జపాల్-రంగాపురము వేధశాలనుండి శాస్త్రజ్ఞులు చూచిరి. దాని తోబుట్టువు 1998 ఫిబ్రవరి 26న అమెరికాఖండముల నడుమను, 2016 మార్చి 9న ఇండొనీషియాలోను గనబడెను. 1980 నాటి యా పగలు మన పట్టణవీధులు నిర్మానుష్యములై యుండెను. కన్ను గాపాడుకొనుటకు సూర్యుని నేరుగా జూడరాదనుట యుక్తమే. కాని తలుపులు బిగించుకొని కూర్చున్న యిండ్లలో నెన్నింటిలో నా దినము పిల్లలకు గ్రహణకారణము చెప్పబడెను?

కర్తవ్యము

స్నానజపదానములు మానుడని నేను జెప్పుట లేదు. వరాహమిహిరుడే మానుమనలేదు. ఆచార మెవరి విశ్వాసమునుబట్టి వారిది. కాని యాచారమును బట్టుకొని గణితమును విడిచిన యింట నీ సంప్రదాయములో సగము చచ్చినది. అట్లే "అంతయు మన ఋషులకు దెలియును" అని వేదికలమీద జెప్పి, పంచాంగమున రాహుస్ఫుటమెక్కడ వ్రాసియున్నదో చూపలేనివారు ఋషులను గౌరవించిన వారు గారు. ఆర్యభటుని గౌరవించుట యనగా ఆయన చెప్పిన సంఖ్యను భాగించి చూచుట.

ఈ విద్యకు గులము లేదు, లింగభేదము లేదు. గోళమును జదువుటకు రెండు వలయములు, ఒక దీపము, ఒక బంతి చాలును. మన బాలురును బాలికలును పంచాంగమును దీసి, ఒక సంవత్సరములోని పూర్ణిమామావాస్యలలో రాహుకేతువుల చెంత బడునవి యేవో తామే గుర్తించి, గ్రహణము ముందుగా జెప్పి, ఆ రాత్రి మేడయెక్కి గడియారము చేతబట్టి స్పర్శమోక్షములను సరిచూచుకొన్నచో, పరమేశ్వరుడు నలువదియేండ్లు చేసినపని వారొక్క రాత్రి చేసినవా రగుదురు. అట్టి బిడ్డలకు సంఘపోషకు లొక చిన్న పారితోషికము నేర్పఱచినచో, గ్రహణకాలమున జేయు దానములలో నది యుత్తమమని నా మనవి. వరాహమిహిరుడు చెప్పిన చొప్పున నా పుణ్యమున రాహువునకును భాగము ముట్టును.

అలమతివిస్తరేణ.